మేకకాలు కాని మేకకాలు



పోయిన వానకాలంలో ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ ఇళ్ళకు వెళ్తుండగా, మా సంఘపు పెద్దమ్మ ఒకరు వెనుక ఆగి, కొంగుముడి విప్పి మా చేతిలో ఒక వస్తువు పెట్టారు. ఉలిక్కిపడ్డాము. జేనెడు పొడవు, బొటనవేలికంటె లావు, ఒళ్ళంతా గోధుమరంగు నూగు. బొచ్చు కాల్చని మేకకాలు ముక్కేనని అనుకున్నాము.

"అయ్యగారూ, మా పెద్దోడు సేలం నించి తెచ్చినాడు. చారు కాచుకొని తాగితే మోకాళ్ళ నొప్పులు పోతాయంట. తాగేదా, వద్దా?"

"మాత్రలు మానేశారా అమ్మా?" అంటే ఆమె నేలచూపులు చూశారు.

తమిళనాట కొల్లి కొండల్లో, ఏర్కాడులో దీనిని ముడవాట్టుకాల్ అని అమ్ముతారు. ఆట్టుకాల్ అంటే మేకకాలేనని మన చిత్తూరు సీమవారికి వేరే చెప్పనక్కరలేదు. నిజానికిది దుంపా కాదు, వేరూ కాదు. ఒక ఫెర్న్ మొక్క కాండం. పేరు డ్రైనేరియా క్వెర్సిఫోలియా. దాని ఆకు ఓక్ చెట్టు ఆకువలె చీలికలుగా ఉండటం చూసి 1753లో లిన్నేయస్ ఆ పేరులోని రెండవ మాట తగిలించాడు. తూర్పు కనుమల్లో, మన శేషాచలం కొండల్లోనూ చెట్ల మొదళ్ళను, తేమగల బండలను పట్టుకొని ప్రాకుతుంది.

మందు సంగతి చెప్పాలి గదా. దీని సారంతో ఎలుకల మీద పరీక్షలు చేశారు, నొప్పి, వాపు తగ్గినట్లు వ్రాశారు కూడా. అయితే ఎలుక కాలు వేరు, అరవై ఏళ్ళు మడిలో వంగిన మనిషి మోకాలు వేరు. చారు త్రాగితే త్రాగండి గాని డాక్టరు ఇచ్చిన మాత్రలు మానవద్దని చెప్పాము. ఆమె సగం ముక్క చారుకు ఉంచుకొని, కొసన మొగ్గ ఉన్న సగం మాకిచ్చారు.

దానిని మా ఇంటి వెనుక వేపచెట్టుకు కొబ్బరి త్రాడుతో కట్టి రోజూ నీళ్ళు చల్లాము. రెండు నెలలకు మొదటి ఆకు వచ్చింది. అరచేయంత, కాడ లేకుండా చెట్టుకు అతుక్కొని, కొద్దిరోజులకే ఎండి గోధుమరంగైంది. చచ్చిందనుకొని పీకబోయాము. పీకనందుకు ఇప్పుడు సంతోషిస్తున్నాము. ఈ మొక్కకు ఆకులు రెండు రకాలు. పచ్చనివి పొడవుగా పెరిగి ఆహారం తయారు చేస్తాయి, ఎండకాలంలో రాలిపోతాయి. ఎండినట్టుండే ఈ పొట్టి ఆకులు మాత్రం రాలవు. చెట్టుకూ తమకూ మధ్య గూడువలె నిలిచి, పైనుండి రాలే ఆకులను, దుమ్మును పట్టుకుంటాయి. అదంతా కుళ్ళి ఎరువవుతుంది, తేమ నిలుస్తుంది, మొక్క వేళ్ళు అందులోకే పోతాయి. నేల లేనిచోట తన నేల తానే చేసుకుంటుందన్నమాట.

ప్రక్కింటి రైతు రెండుసార్లు కొడవలి తెచ్చాడు. "బదనిక అయ్యగారూ, చెట్టు చస్తాది!" అని. ఆయన భయం ఊరకే పుట్టలేదు. బదనిక మామిడితోటలను పాడుచేయడం మనకు తెలిసినదే. బదనిక తన వేళ్ళను కొమ్మలోనికి దించి రసం పీల్చుతుంది, దానిని పట్టిన కొమ్మతో సహా నరకవలసినదే. ఫెర్న్ బెరడు పైననే ఉంటుంది. చెట్టును ఆసరాగా మాత్రం అడుగుతుంది. గుర్తు పట్టడం కష్టం కాదు: బదనికకు పూలు, పండ్లు ఉంటాయి, ఫెర్నుకు పువ్వూ లేదు, గింజా లేదు. పచ్చని ఆకు వెనుక వరుసలుగా గోధుమరంగు చుక్కలుంటాయి. వాటినుండి పొడివంటి సిద్ధబీజాలు గాలికి పోతాయి. ఆ పొడి మొలిచి ముందు గోరంతైనా లేని పచ్చని రేకు అవుతుంది, ఆ రేకు మీద నీటిచుక్క నిలిస్తేనే అసలు మొక్క పుడుతుంది. ఈ రెండు తరాల లెక్కను 1851లో హోఫ్‌మైస్టర్ అనే జర్మనీ దేశస్థుడు తేల్చాడు. ఆయన పగలు పుస్తకాల అంగట్లో పనిచేసి, తెల్లవారుజామున సూక్ష్మదర్శిని ముందు కూర్చునేవాడట.

అందుకే దీని సంతతి పెరగడం నిదానం. చారుకోసం కాండమంతా పెళ్ళగిస్తే ఆ బండ ఎన్నో ఏళ్ళు బోసిగానే ఉంటుంది. శేషాచలం 2010 నుండి బయోస్ఫియర్ రిజర్వు; అక్కడినుండి మొక్కలు పెరకడం నేరం. మామండూరు వైపు కట్టెలకు పోయే మన పిల్లలకు ఈ మాట చెప్పండి.

పెద్దమ్మ మాత్రలు వేసుకొంటున్నారు. చారు కూడా కాచుకున్నారట, రుచి మాత్రం మేకకాళ్ళ చారుకు దరిదాపుల్లో లేదన్నారు.