పాత ఇనుము కింద పోవలసిందేనా గుత్తి డీజిల్ ఇంజను?

రైలు కట్ట పక్కన పొలమున్న రైతుకు ఇంజను మారిందని వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. చెవికే తెలిసిపోతుంది. గుంతకల్లు, గుత్తి, రాయలచెరువు, తాడిపత్రి మీదుగా గూడ్సు బండ్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. మునుపటికంటే పొడుగుగా, మునుపటికంటే జోరుగా నడుస్తున్నాయి. అయితే నేల అదిరేటట్లు ఢగఢగమంటూ, ఎత్తు ఎక్కేటప్పుడు నల్లని పొగ కక్కుతూ వచ్చే పాత డీజిల్ ఇంజను మాత్రం అరుదైపోయింది. తలమీది కరెంటు తీగను తాకుతూ పరుగెత్తే ఇంజను దాని స్థానంలోకి వచ్చింది. ఈ మార్పును ఆక్షేపించవలసిన పనిలేదు. కాని, వెళ్ళిపోతున్న దానిని ఏ విధంగా సాగనంపుతున్నారన్నది ఆలోచించవలసిన విషయమే.

అమెరికాలో పుట్టి, కాశీలో పెరిగి...

ఆ పాత ఇంజను అసలు పేరు డబ్ల్యూ.డి.ఎం.-2. డబ్ల్యూ అంటే పెద్ద లైను, అనగా బ్రాడ్‌గేజి. డి అంటే డీజిల్. ఎం అంటే ప్రయాణికుల బండికీ, గూడ్సుకూ కూడా పనికివచ్చేది. అమెరికాలోని ఆల్కో కంపెనీ తయారుచేసిన ఈ రకం ఇంజన్లు 1962లో తొలిసారి దేశానికి వచ్చాయి. ఆ కంపెనీ సహకారంతోనే వారణాసిలో డీజిల్ ఇంజన్ల కర్మాగారం వెలసింది. అక్కడ తయారైన మొదటి ఇంజనును 1964 జనవరిలో లాల్ బహదూర్ శాస్త్రి జాతికి అంకితం చేశారు. 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్ శక్తి, 112 టన్నులకు పైబడిన బరువు దీని లక్షణాలు. 1998 వరకు ఈ ఒక్క రకమే 2,600కు పైగా తయారయ్యాయి.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటి ఉంది. ఈ ఇంజనుకు జన్మనిచ్చిన ఆల్కో కంపెనీ 1969లోనే అమెరికాలో ఇంజన్ల తయారీ మానుకుంది. కన్నతల్లి గతించినా బిడ్డ పరాయి ఇంట పెరిగి పెద్దయినట్లు, ఆ ఇంజను భారతదేశంలో దశాబ్దాల పాటు బతికింది. బతకడమే కాదు, బలం కూడా పుంజుకుంది. గూడ్సు బండ్లకే ప్రత్యేకించి 1990లలో వచ్చిన డబ్ల్యూ.డి.జి.-3ఎ అనే 3,100 హార్స్‌పవర్ ఇంజను ఈ వంశంలోనిదే. చిన్న లైనుపై నడిచిన వై.డి.ఎం.-4 దీని తమ్ముడు వంటిది. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా గుంటూరు పోయే మీటరుగేజి 1990లలో పెద్ద లైనుగా మారేదాకా నల్లమల అడవి దాటించినవాటిలో ఈ చిన్న ఇంజన్లున్నాయి.

డీజిల్ ఇంజను చక్రాలను తానే తిప్పుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. లోపల డీజిల్ మండి జనరేటరును తిప్పుతుంది. జనరేటరు నుంచి పుట్టిన కరెంటు చక్రాల దగ్గరి ఆరు మోటార్లను నడుపుతుంది. అంటే ఇది తన కరెంటును తానే పుట్టించుకునే ఇంజను. డ్రైవరు ఒక్కసారిగా శక్తి పెంచినప్పుడు డీజిల్ ముందు పడుతుంది. దానికి సరిపడే గాలిని లోపలికి తోసే టర్బో పుంజుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఆ కాసేపూ సగం కాలిన డీజిలే నల్లని పొగగా బయటికి వస్తుంది. గేటు దగ్గర నిలబడిన పిల్లలు కేరింతలు కొట్టింది ఆ పొగను చూసే.

గుత్తి పేరు దేశమంతా తిరిగింది

గుంతకల్లు రైల్వే జంక్షనైతే, గుత్తి డీజిల్ షెడ్డుకు పేరుపొందింది. ఇంజను ఏ షెడ్డుదో ఆ షెడ్డు పేరు దాని ఒంటిమీద రాయడం రైల్వే ఆనవాయితీ. ఆ విధంగా, కోటకు తప్ప మరి దేనికీ బయటివారికి తెలియని గుత్తి పేరు మద్రాసులో, బొంబాయి దారిలో, ఊరూపేరూ తెలియని యార్డులలో కూడా జనం చదివారు. 1977 అక్టోబరులో గుంతకల్లు డివిజను దక్షిణ రైల్వే నుంచి దక్షిణ మధ్య రైల్వేకు మారినా షెడ్డు పని ఆగలేదు.

హొస్పేట, బళ్ళారి ప్రాంతపు ఇనుప ఖనిజం గుంతకల్లు, గుత్తి, రేణిగుంట మీదుగా మద్రాసు రేవుకు చేరి ఓడలెక్కింది. ఒక ఇంజను చాలనప్పుడు రెండింటిని జతచేసి, తీగలతో కలిపి, ఒకే డ్రైవరు రెండింటినీ నడిపేవాడు. అయితే ఈ ఘనత ఇంజనుది మాత్రమే కాదు. బండి వచ్చి షెడ్డులో నిలవగానే నూనె మార్చినవారు, సిలిండరు మూత విప్పి అరిగిన భాగం తీసి కొత్తది బిగించినవారు, రాత్రి రెండు గంటలకు కాల్‌బాయ్ తలుపు తడితే లేచి డ్యూటీకి పోయినవారు ఉన్నారు. చుట్టుపక్కల పల్లెల నుంచి ఖలాసీగా చేరి, చూసి చూసి పని నేర్చుకుని, ఇంజను చప్పుడును బట్టే జబ్బు చెప్పగలిగిన చేతులు షెడ్లలో తయారయ్యాయి. పుస్తకాలలో లేని ఆ విద్య చాలావరకు రిటైరైనవారి దగ్గరే మిగిలి ఉంది.

పల్లెకు గూడ్సు ఏమి చెప్పింది?

గూడ్సుకు టైంటేబులు ఉండదు. వేళ తెలిసేది ప్యాసింజరు బండితో. గూడ్సుతో తెలిసింది దేశం పోకడ. ఎరువుల వ్యాగన్లు గూడ్సుషెడ్డుకు వచ్చాయంటే సేద్యానికి సిద్ధం కావాలన్న కబురు. బియ్యం మూటలు దిగాయంటే చౌకడిపోకు సరుకు వస్తుందన్న ధైర్యం. బొగ్గు పోతుంటే ఎక్కడో కరెంటు తయారవుతున్నదని, సిమెంటు పోతుంటే ఎక్కడో ఇళ్ళు లేస్తున్నాయని అర్థం. వానకోసం ఆకాశం చూసే శనక్కాయ రైతుకు ఆకాశంకింద కదిలే మరో ప్రపంచం అదే. గేటు పడితే బండ్లు, ఎద్దులు, సైకిళ్ళు నిలిచిపోయేవి. విసుక్కుంటూనే పెద్దలు, లెక్కపెడుతూ పిల్లలు వ్యాగన్లు చూసేవారు. చివరి డబ్బాలోని గార్డు పచ్చజెండా ఊపితే పిల్లలకు పండుగ. ఆ గార్డు పదవికి 2022 నుంచి ట్రైన్ మేనేజరని పేరు మార్చారు.

పొగను పొగడనక్కరలేదు

గతించినదంతా మంచిదేనని వాదించడం సరికాదు. ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. క్యాబిన్‌లో వేడి, చెవులు దిబ్బళ్ళు పడే మోత, కాలకృత్యాలకు చోటులేని అవస్థ డ్రైవర్లు భరించారు. పొడుగాటి ఇంజను భాగం ముందుండేలా నడిపినప్పుడు ఎదుటి పట్టాలు సరిగా కనబడక పక్కకు తొంగిచూస్తూ నడిపిన బాధ వారికే తెలుసు. పైగా ఆ డీజిల్‌లో అధికభాగం విదేశీ ముడిచమురు నుంచి వచ్చినదే. కరెంటు ఇంజను ఎక్కువ బరువు లాగుతుంది, తక్కువ ఖర్చుతో నడుస్తుంది. కనుక బ్రాడ్‌గేజి మార్గాలకు తీగలు వేయడం సబబైన నిర్ణయమేనని ఒప్పుకోవాలి. ఆవిరి ఇంజను పోయి డీజిల్ వచ్చిన రోజుల్లో కూడా పెద్దలు ఇలాగే నిట్టూర్చారు. ఇప్పుడు ఆ డీజిలే నిట్టూర్పులకు కారణమైంది.

కాని ఒక తేడా ఉంది. ఆవిరి ఇంజనుకు గౌరవం దక్కింది. ఆవిరి ఇంజన్లతో పేరొందిన డార్జిలింగ్ కొండ రైలును 1999లో, నీలగిరి రైలును 2005లో ప్రపంచ వారసత్వ సంపదగా యునెస్కో గుర్తించింది. స్టేషన్ల ముందు ఆవిరి ఇంజన్లను రంగులేసి నిలబెట్టారు. హరిత విప్లవపు ఎరువులను, కరువు కాలపు తిండిగింజలను, ఎగుమతి ఖనిజాన్ని లాగిన డీజిల్‌కు మాత్రం చాలాచోట్ల వేలంపాట, గ్యాస్ కట్టరు ఎదురవుతున్నాయి. కొన్నిటికి మరో బతుకు దొరికిన మాట వాస్తవమే. రెండు పాత డీజిల్ ఇంజన్లను కలిపి 10,000 హార్స్‌పవర్ విద్యుత్ ఇంజనుగా మార్చి వారణాసిలో 2019 ఫిబ్రవరిలో ప్రారంభించారు. ఈ వంశానికే చెందిన 10 ఇంజన్లను 2020 జూలైలో బంగ్లాదేశ్‌కు అందజేశారు. చిన్న లైను ఇంజన్లు బర్మా దాకా వెళ్ళాయి. పరాయి దేశానికి పనికివచ్చినది సొంత ఊరికి గుర్తుగానైనా పనికిరాదా?

ఒక్కటైనా నడిచే స్థితిలో ఉండాలి

ఆల్కో వంశపు ఇంజను ఒక్కటైనా గుత్తిలో కాపాడవలసి ఉంది. దిమ్మెపైకి ఎక్కించి రంగు పూసి వదిలేయడం వల్ల ప్రయోజనం తక్కువ. నాలుగు వానలకు తుప్పుపట్టి, కిటికీలు పగిలి, మేకలకు నీడనివ్వడానికే అది మిగులుతుంది. అప్పుడప్పుడైనా స్టార్టు చేసి కదిలించగల స్థితిలో దానిని ఉంచాలి. అలా ఉంచాలంటే పని తెలిసిన చేతులు కావాలి. రిటైరైన మెకానిక్కులను, డ్రైవర్లను పిలిచి యువకులకు నేర్పించే ఏర్పాటు చేస్తే ఇంజనుతోపాటు విద్య కూడా నిలుస్తుంది. వారి అనుభవాలను రికార్డు చేయించడం అంతకంటే అవసరం. ఇంజను ఇంకో పదేళ్ళు ఆగగలదు. ఎనభై ఏళ్ళ మనిషి ఆగలేడు.

ఇందుకయ్యే ఖర్చు ఎవరు భరించాలని కొందరు అడగవచ్చు. పాత ఇనుము అమ్మితే వచ్చే డబ్బు రైల్వేకు ముఖ్యమేనని అనవచ్చు. అమ్మేవాటిని అమ్మనీ. అన్నింటిలో ఒక్కదానిని ఆపితే రైల్వే ఖజానాకు వచ్చే లోటు ఏపాటిది? గాలివానకు తీగలు తెగి కరెంటు ఆగినప్పుడు బండిని కదిలించేది నేటికీ డీజిలే. ఆ అవసరానికి రైల్వే కొన్నింటిని ఎలాగూ అట్టిపెట్టుకుంటున్నది. వాటిలో ఒకదానికి వారసత్వ హోదా ఇచ్చి, దాని కథను తెలుగులో బోర్డుపై రాయించి, ఏడాదికి ఒకరోజు బడిపిల్లలకు చూపించడం అసాధ్యమేమీ కాదు.

ఈ విషయమై పంచాయతీలు తీర్మానాలు చేసి డివిజను అధికారులకు పంపవచ్చు. ప్రజాప్రతినిధులు రైల్వే సంప్రదింపుల సమావేశాలలో ప్రస్తావించవచ్చు. పాఠశాలలవారు ముందుకు రావచ్చు. డీజిల్ షెడ్లు ఒక్కొక్కటిగా విద్యుత్ ఇంజన్లకు మారిపోతున్న ఈ సమయంలో జాప్యం జరిగితే కాపాడడానికి ఏమీ మిగలదు. గ్యాస్ కట్టరు పెట్టిన తరువాత ఎన్ని తీర్మానాలు చేసినా ఇంజను తిరిగి అతుక్కోదు. రైల్వే అధికారులు, జిల్లా పెద్దలు ఇప్పుడే శ్రద్ధ వహించడం మంచిది.