వృద్ధులను సేవించువారికి తోడు కావలెను

వృద్ధులైన తల్లిదండ్రులను ఇంటనుంచుకొని సేవించుట మన కుటుంబములలో నేటికిని నిలిచియున్న ధర్మము. కాని ఆ భారమును మోయునది ఎవరు? ఇంటిల్లిపాదియు అని చెప్పుకొందుము. చూడబోయిన, తరచుగా ఒక కోడలో, పెండ్లికాని కుమార్తెయో ఒంటరిగా మోయుచున్నది.

పూజకై మేము ఇండ్లకు పోవునపుడు పక్షవాతముతో మంచముపట్టిన మామగారును, మతి తప్పి రాత్రివేళ వీధిలోనికి నడచిపోవు అత్తగారును కనిపించుచుందురు. వారి క్షేమమును అందరును అడుగుదురు. ఆ యిల్లాలు కంటినిండ నిద్రించి ఎన్నాళ్లయినదని అడుగువారు లేరు. పురటాసి శనివారమున గోవింద భజనకు రాలేదని నిందించువారు మాత్రము కలరు. ఇది న్యాయము కాదు.

1860 మొదలు 1911 వరకు మన పెద్దలు ఒడంబడిక కూలీలుగా నేటాలునకు వచ్చిరి. చెరకుతోటల బారకాసులలో గోడకు గోడ ఆనుకొని బ్రతికిరి. నేడు బిడ్డలు ఉద్యోగములకై జొహానెస్‌బర్గునకును, విదేశములకును పోయిరి. ధర్మము మారలేదు గాని, చేతులు తగ్గినవి.

ప్రభుత్వపు తోడ్పాటు కొంత కలదు. 2006 నాటి వృద్ధుల చట్టము ఇంటివద్ద సేవలలో కుటుంబమునకు విశ్రాంతి కల్పించుటను, సలహా లిచ్చుటను గూడ చేర్చినది. ఆదాయ పరిమితికి లోబడి 60 ఏండ్లు నిండినవారికి వృద్ధాప్య భృతి కలదు. అది పొందువారిలో నిరంతరము ఒకరి సాయము లేక గడవనివారికి ‘గ్రాంట్-ఇన్-ఎయిడ్’ అను అదనపు మొత్తము నిత్తురు. వైద్యపరీక్ష పత్రముతో సాసా కార్యాలయమున దరఖాస్తు చేయవలెను. ప్రభుత్వ ధనసహాయముతో నడచు ఆశ్రమములలో నున్నవారికి ఇది లేదు.

“ఇంటి సంగతి పరులకు చెప్పిన పరువు పోవును” అని కొందరందురు. సోషల్ వర్కరు వచ్చుట పెద్దలను ఆశ్రమమునకు తీసికొనిపోవుటకు కాదు. వారు ఇంటనే యుండుటకు ఏమి కావలెనో చూచుటకు. సేవించునామె రోగియై పడినచో పెద్దల గతి యేమి? సాయ మడుగుట ధర్మమును విడుచుట కాదు, నిలుపుకొనుట.

కావున మా మనవి యిది. దేవాలయ సంఘమువారు నెల కొక ఆదివారము సోషల్ వర్కరును రప్పించి దరఖాస్తులు వ్రాయించవలెను. స్త్రీల సంఘమువారు ఇద్దరిద్దరు చొప్పున వారమునకు మూడు గంటలు అట్టి యింట కూర్చుండవలెను. దూరమున నున్న కుమారులు డబ్బు పంపుటతో ఋణము తీరినదని తలపక, వీలుచూచుకొని వచ్చి స్వయముగా సేవ చేయవలెను.

ఆ తల్లికి ప్రసాదము ఇంటికి పంపిన చాలదు. ఆమె గుడికి వచ్చి తన చేతులతో అందుకొనునట్లు మనము చేయవలెను.