మారికుప్పం మ్యూజియంలో ఏముండాలి?

బంగారుపేట జంక్షన్‌లో మెయిన్ లైన్ నుంచి విడిపోయే చిన్న రైలుమార్గం కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్ స్టేషన్లు దాటి మారికుప్పంలో ఆగిపోతుంది. ఆ తర్వాత పట్టాలు లేవు. 1894లో ఈ లైను పడింది కోలార్ బంగారు గనుల కోసం. ఇవాళ తెల్లవారుజామునే ఈ బళ్ళు ఎక్కి బెంగుళూరు పనులకు పోయేవాళ్ళలో చాలామంది తండ్రులు, తాతలు ఇదే వేళకు గనిలో షిఫ్టుకు దిగినవాళ్ళు. వందేళ్ళకు పైగా ఈ ఊళ్ళో బతుకు భూమి లోపలికి సాగింది. గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి ఆఖరుకి మూతపడ్డాక రైలు పట్టాల వెంట సాగుతోంది.

కేజీఎఫ్, అంటే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్, పేరుతో 2018లో సినిమా వచ్చాక ఆ మూడక్షరాలు తెలియని తెలుగువాడు లేడు. ఆ సినిమా కొంత తీసింది ఇక్కడి సైనైడ్ దిబ్బల (గని వ్యర్థాల గుట్టల) మీదే. అది చూసి వచ్చినవాళ్ళు నరాచి ఎక్కడని వెతికితే మాత్రం దొరకదు, అది కథకుడి ఊరు. ఉన్న ఊరి కథ చెప్పే చోటు లేనప్పుడు లేని ఊరి కథే నిజమై కూర్చుంటుంది. అందుకే ఇక్కడ పనిచేసినవాళ్ళ చరిత్రకు ఒక మ్యూజియం కావాలన్న మాటను ఈ పత్రిక గట్టిగా అనదలచుకుంది. అంతకంటే గట్టిగా అడగవలసింది, అందులో ఏం పెడతారని.

ఈ గనుల గురించి ఇంగ్లీషువాళ్ళ రాతల్లో తొలి సాక్ష్యాల్లో మారికుప్పం ఉంది. టిప్పు పతనం తర్వాత మైసూరు తూర్పు సరిహద్దు సర్వే చేస్తూ 1802లో ఇటు వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్, ఇక్కడ మట్టిలో బంగారం ఉందన్న మాట విని, చూపించినవాళ్ళకు బహుమానం ఇస్తానన్నాడు. ఊళ్ళవాళ్ళు ఎడ్లబండి మీద మట్టి తోలుకొచ్చి ఆయన ఎదుటే కడిగి రేణువులు తీశారు. మారికుప్పంలో పాత గుంతలు కూడా చూశాడాయన. కాలు మోపడానికి చెక్కుకున్న సందుల మీదుగా దళితులు లోపలికి దిగి రాయి తవ్వేవాళ్ళు. పైకొచ్చిన రాతిని ఆడవాళ్ళు బండమీద పెట్టి దంచి, పిండి చేసి, నీళ్ళలో కడిగేవాళ్ళు. వారెన్ రాసిన 1804 నాటి నివేదిక అరవై ఏడేళ్ళ తర్వాత మైకేల్ లావెల్ అనే మాజీ సైనికుడి కంటపడింది. ఆయన 1873లో మైసూరు దొరతనం నుంచి లైసెన్సు సంపాదించాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ రంగంలోకి దిగింది. ఇక్కడినుంచి ప్రతి పుస్తకం లావెల్‌నూ టేలర్‌నూ పట్టుకుని ముందుకు పోతుంది. రాయి దంచిన ఆడవాళ్ళు మళ్ళీ కనపడరు. తవ్వకం కంపెనీ కనిపెట్టిన విద్య కాదనడానికి వాళ్ళకంటే పెద్ద సాక్షులు లేరు. మ్యూజియం మొదటి గది వాళ్ళది కావాలి.

కంపెనీ ఘనత చెప్పడానికి ఎలాగూ కొరత ఉండదు. 1902లో శివసముద్రం నుంచి దాదాపు నూట యాభై కిలోమీటర్ల తీగ లాగి గనులకు కరెంటు తెచ్చారు. బెంగుళూరు వీధుల్లో కరెంటు దీపం వెలగడానికి మరో మూడేళ్ళు పట్టింది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించి లోతుకు దిగింది. మొత్తం మీద ఎనిమిది వందల టన్నులకు పైగా బంగారం తీశారు. ఈ అంకెలు కేజీఎఫ్ పిల్లవాడు నిద్రలో లేపినా చెబుతాడు.

అంకెల వెనక మనిషి ఉన్నాడు. అంత లోతున రాతి వేడి అరవై డిగ్రీలు దాటుతుంది. పైనున్న భారమంతా తవ్విన ఖాళీల చుట్టూ బిగుసుకుని, ఉన్నట్టుండి రాయి పేలిపోతుంది. దాన్ని గనుల్లో ‘ఏర్ బ్లాస్ట్’ అనేవారు. పేలుడు ప్రకంపన పైన ఇళ్ళలో గిన్నెలు కదిలించేది. అది తగలగానే గనిలో మగవాళ్ళున్న ఇళ్ళు ఆగిపోయేవి. ఇవేవీ లేని రోజున కూడా దుమ్ము ఉండేది. ఆ దుమ్ము తెచ్చే సిలికోసిస్ మన దేశంలో మొదట నమోదైంది 1934లో, ఈ గని కార్మికుల ఊపిరితిత్తుల్లోనే. బంగారు కడ్డీ నమూనా పెట్టేవాళ్ళు దాని పక్కనే, అదే ఎత్తున, అదే వెలుతురులో ఒక ఛాతీ ఎక్స్‌రే కూడా పెట్టాలి. షిఫ్టు దిగినవాణ్ణి దొంగ బంగారం ఉందేమోనని ఒళ్ళంతా తడిమి చూసే ఏర్పాటునూ చూపించాలి. 1930లో వేలిముద్రలు వేయమన్నందుకు కార్మికులు చేసిన సమ్మెకు చోటుండాలి. 1946 నవంబరు 4న పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఆరుగురు కార్మికులకూ చోటుండాలి. జానకి నాయర్ 1998లో ఈ కార్మికుల మీద ఒక మంచి పుస్తకం తెచ్చారు. అది ఇంగ్లీషులో ఉంది, ఇక్కడి లైన్లలో, అంటే కార్మికుల వరస ఇళ్ళలో, బతికిన కుటుంబాల్లో ఎందరి చేతికి అందింది?

ఇంకో విషయం ఊళ్ళోవాళ్ళే మరిచిపోతున్నారు. 1965లో ఛాంపియన్ రీఫ్‌లో రెండు కిలోమీటర్లకు పైబడిన లోతున, టాటా పరిశోధన సంస్థ, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు వాతావరణంలో పుట్టిన న్యూట్రినో అనే అతి సూక్ష్మ కణాన్ని పట్టుకున్నారు. దాదాపు అదే సమయంలో దక్షిణాఫ్రికాలోని మరో బంగారు గనిలోనూ అది దొరికింది. ఆ రెండూ ప్రపంచంలో మొదటివి. ఇలాంటి ప్రయోగాలకు 1983 నుంచీ నెలవైన జపాన్‌లోని కమియోకా కూడా పాత గని ఊరే. 2019లో అక్కడ, హైవే పక్కన బళ్ళు ఆగే చోట, న్యూట్రినో కథ చెప్పే చిన్న మ్యూజియం తెరిచారు. కూరగాయలు కొనడానికి ఆగినవాళ్ళు కూడా లోపలికి వెళ్ళి చూసొస్తారు. వాళ్ళకంటే పద్దెనిమిదేళ్ళ ముందు ఈ విద్య చూసిన ఊరు మనది.

కేజీఎఫ్ గనులకు కెప్టెన్లను, అంటే పని నడిపించే పర్యవేక్షకులను, పంపిన ఇంగ్లండులోని కార్న్‌వాల్ సంగతి మరీ పాఠం లాంటిది. అక్కడి గీవర్ తగరపు గని 1990లో మూతపడింది, మూడేళ్ళకే మ్యూజియంగా తెరుచుకుంది. అందులో అందరూ ఆగి చూసే గది, కార్మికులు బట్టలు మార్చుకునే గది. ఆఖరి షిఫ్టు నాటి పని దుస్తులు, బూట్లు, లాకర్లు అలాగే వదిలేశారు. దారి చూపేవాళ్ళలో ఆ గనిలో పనిచేసినవాళ్ళున్నారు. 2006లో ఆ గనుల ప్రాంతానికి ప్రపంచ వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. దొరల ఊళ్ళో కూలీ లాకరు మ్యూజియం వస్తువైంది. మన దగ్గర దొరల క్లబ్బు, బంగళా మాత్రమే వారసత్వమవుతాయేమోనని భయం.

తెలుగు పాఠకుడికి ఇందులో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. లైన్లలో తమిళం ఎక్కువ వినిపించినా, చుట్టూ ఉన్న ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట పల్లెల్లో చాలా ఇళ్ళ మాట తెలుగే. సరిహద్దు దాటితే కుప్పం వైపు బిసానత్తం, చిగురుగుంట. అక్కడ బంగారం తీసిందీ ఇదే భారత్ గోల్డ్ మైన్స్. పూర్వపు అనంతపురం జిల్లా రామగిరి గనుల్లో టేలర్ కంపెనీ ఇరవయ్యో శతాబ్ది మొదట్లోనే తవ్వింది. అంటే ఈ మ్యూజియం ఒక్క ఊరిది కాదు, మూడు భాషల నేలది. ప్రదర్శన పలకలు కన్నడ, తమిళ, తెలుగు మూడింటిలో ఉండటం మర్యాద కోసం కాదు, అవసరం కోసం.

అయితే మొదలెక్కడ? మన చిన్న ఊళ్ళలో మ్యూజియం అనగానే శంకుస్థాపన ఫలకం గుర్తొస్తుంది. రాజమండ్రి దారి వేరు. రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్ళు నిండిన 1922లో అక్కడ ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. సభ్యులు తమ తీరికలో శాసనాలు, నాణేలు, తాళపత్రాలు పోగుచేశారు, 1926 నుంచి పత్రిక నడిపారు. వాళ్ళలో ఒకరైన రాళ్ళబండి సుబ్బారావు పేరుమీద ప్రభుత్వ మ్యూజియం వచ్చింది 1967లో. నలభై అయిదేళ్ళు వస్తువులూ మనుషులూ ముందు నడిచారు, తర్వాతే కట్టడం. కేజీఎఫ్‌కు నలభై అయిదేళ్ళు లేవు. గని మూసిననాడు ముప్ఫైలలో ఉన్న కార్మికుడికి ఇప్పుడు అరవై దగ్గర పడుతోంది. వాళ్ళ టోకెన్లు, పే స్లిప్పులు, యూనియన్ కరపత్రాలు ఇళ్ళలో ట్రంకు పెట్టెల అడుగున పడున్నాయి. ఇల్లు మారిన ప్రతిసారీ కొన్ని పాత సామానువాడి తక్కెడ ఎక్కుతున్నాయి.

సైనైడ్ దిబ్బలకూ గడువు దగ్గరపడింది. రాతిలోంచి బంగారం లాగేశాక మిగిలిన పిండే ఈ దిబ్బలు. పదమూడు దిబ్బల్లో మూడు కోట్ల ముప్ఫై లక్షల టన్నుల దాకా ఉందని లెక్క. దాన్ని మళ్ళీ జల్లించి మిగిలిన బంగారం తీసుకునే ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. ఎండాకాలం గాలికి ఆ దుమ్ము మింగిన ఊరు దిబ్బలు పోతే ఏడవదు, ఏడవమని ఈ పత్రిక కూడా అనదు. కాంట్రాక్టు పత్రాల్లో రెండు షరతులు చేర్చితే చాలు. పొక్లెయిను దిగే ముందు ప్రతి దిబ్బనూ కొలిచి, ఫొటోలు తీసి, పొరపొరకూ నమూనా దాచాలి. వచ్చే ఆదాయంలోంచి కొంత వాటా మారికుప్పంలో కార్మికుల కాగితాలు, గొంతులు పోగుచేసే పనికి మొదటి ఏడాదే విడిగా తీసిపెట్టాలి.