శరత్కాలపు పండుగలు - ఇంటివంట - మన పలుకు

వానలు వెనుకబట్టినవి. ఆకాశము తేటపడినది. చేలలో వరి పొట్టకు వచ్చినది. గట్టులమీద రెల్లు పూచినది. ఆశ్వయుజ కార్తికమాసములు శరదృతువని మన విద్యార్థులు చిన్నతరగతులలోనే చదివియున్నారు. ఆరు ఋతువులలో పిల్లలకు ఇంతకంటె ఇష్టమైనది వేరొకటి లేదనుట అతిశయోక్తి కాదు. దసరా, అట్లతద్ది, దీపావళి, నాగులచవితి, కార్తికపున్నమి - రెండు నెలలలో ఒకదానివెంట ఒకటి వచ్చిపడును. వీనిలో ఏదియు గొప్ప ధనమును కోరదు. బియ్యము, మినుములు, బెల్లము, నువ్వులు, ఒక కొబ్బరికాయ - ఇవి ఉన్న ఇంట పండుగ ఉన్నట్లే.

గంజాం మండలమందలి తెలుగు కుటుంబములవారికి, అందును మన పాఠశాలకు పిల్లలను పంపు తల్లిదండ్రులకు, ఈ పండుగలను గూర్చి ఒక మాట మనవి చేయదలచితిని. పండుగనాటి పిండివంట ఇంటిలోనే జరుగవలెను. ఆ వంటలో పిల్లలకు పని ఉండవలెను. ఈ రెండును జరుగనిచో మనము పోగొట్టుకొనునది రుచి యొక్కటే కాదు.

ముందుగా అట్లతద్దిని తీసికొందము. ఇది ఆశ్వయుజ బహుళ తదియ. ముందునాటి రాత్రి ఆడపిల్లలు గోరింటాకు పెట్టుకొందురు. తెల్లవారకమునుపే లేచి, తలంటుకొని, చద్దియన్నము గోంగూర పచ్చడితోను పెరుగుతోను తిని, వీధిలోనికి ఆటలకు పోవుదురు. చెట్టుకొమ్మకు ఉయ్యాల వేసి ఊగుదురు. పగలెల్ల ఉపవాసముండి, సాయంకాలము గౌరీదేవిని పూజించి, చంద్రోదయము పిమ్మట అట్లు వాయనమిచ్చి తాము భుజింతురు. పెద్దలు ఈ అట్లకు ఒక అర్థము చెప్పుదురు. బియ్యము చంద్రునికి, మినుములు రాహువునకు చెందిన ధాన్యములట. అట్లు కుజునికి ప్రీతియట. నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు మానుదురు. కాని ఒకటి అందరమును ఒప్పుకొనవచ్చును. చీకటితో లేచి నలుగురు పిల్లలు కలిసి తిన్న చద్దియన్నమునకు సాటివచ్చు భోజనము ఏ ఫలహారశాలలోను దొరకదు.

ఆ అట్లు తయారగుటకు ఎన్ని పనులు జరుగవలెనో గమనింపుడు. బియ్యము చేటలో చెరుగవలెను, రాళ్ళు ఏరవలెను, మినుములతో కూడ నానబెట్టవలెను, పొట్టు పోవునట్లు కడుగవలెను, రుబ్బవలెను, పిండి పులియనీయవలెను. పెనము కాగినదో లేదో నీటిచుక్క చిలికి చూడవలెను. గరిటెతో పోసి, అట్లకాడతో అంచు లేపి తిరగవేయవలెను. ప్రతి పనికి ఒక మాట కలదు. ప్రతి పనిముట్టుకు ఒక పేరు కలదు. ఈ మాటలలో చాల భాగము మన వాచకములలో లేవు. ఉండవలసినవియు కావు. అవి నిలువవలసిన చోటు వంటిల్లు.

ఇటీవల ఎనిమిదవ తరగతి పిల్లలను వంటింటికి సంబంధించిన పదములు ఇరువది వ్రాయుమంటిని. మిక్సీ, గ్యాసు, కుక్కరు, ఫ్రిజ్జు అందరును వ్రాసిరి. రుబ్బురోలు కొందరు వ్రాసిరి. పొత్రము ఒక్కరును వ్రాయలేదు. "దంచుట, విసరుట, రుబ్బుట, నూరుట - వీనికి భేదమేమి?" అని అడుగగా తరగతి అంతయు మౌనము వహించినది. రోటిలో రోకలితో దంచుదుము. తిరగలిలో విసరుదుము. రుబ్బురోటిలో తడిపిండి రుబ్బుదుము. సన్నికల్లుపై పచ్చడి నూరుదుము. నాలుగు పనులు, నాలుగు క్రియలు. నేడు ఈ నాలుగింటికి "గ్రైండు చేయుట" అను ఒక్క మాట వచ్చి కూర్చున్నది. ఇందు పిల్లల దోషము లేదు. చూడని పనికి మాట ఎట్లు తెలియును?

వంట చూచిన పిల్లవానికి వ్యాకరణము కూడ సులువగును. బెల్లపుపాకము ముదురుచుండగా తల్లి గరిటె లేపి చూచి, ఇది లేతపాకము, ఇది తీగపాకము, ఇది ఉండపాకము అని చెప్పుచుండును. ఈ మాటలలో ముందున్న పదము వెనుకనున్న పదమును ఎట్లు విశేషించుచున్నదో నేను నల్లబల్లపై వ్రాసి బోధింపవచ్చును. కాని పాకము చేతికి అంటించుకొని చూచినవానికి ఆ బోధ మరపునకు రాదు.

ఇంతమాత్రమునకు ఇంత ఆందోళన ఏల అని కొందరు అడుగవచ్చును. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినది పొరుగున నున్న ఆంధ్రప్రదేశమునందు. అక్కడి పట్టణములలోను పిల్లలు ఈ పదములను మరచుచున్నారు. ఆ సంగతి కన్నులార చూచితిని. అయినను వారికిని మనకును ఒక భేదము కలదు. అక్కడ ఇంట పోయిన మాట వీధిలో వినబడవచ్చును, అంగడి పలకపై కనబడవచ్చును, కచేరి కాగితములో ఎదురుపడవచ్చును. ఇక్కడ మనకు ఇల్లు, ఈ పాఠశాల - రెండే ఆధారములు. 1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఒడిషా రాష్ట్రము ప్రత్యేకముగా ఏర్పడినపుడు బరంపురము, పర్లాకిమిడి మద్రాసు రాజధానినుండి దీనిలో చేరినవి. తొమ్మిది దశాబ్దములుగా మన కుటుంబములు ఇంట తెలుగును, బయట ఒడియాను చక్కగా నడుపుకొనుచు వచ్చినవి. ఇంటిలోనిది తరిగినచో మిగులునది పాఠశాల ఒక్కటియే.

పాఠశాలకు చట్టము తోడున్నది. 1956లో జరిగిన ఏడవ సవరణవలన రాజ్యాంగములో 350ఎ అధికరణము చేరినది. భాషాపరముగా అల్పసంఖ్యాకులైనవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని అది ప్రభుత్వములకు చెప్పుచున్నది. ఇది మనకు గొప్ప అండ. కాని చట్టము తరగతిగదిని ఇయ్యగలదు, వాచకమును ఇయ్యగలదు, ఉపాధ్యాయుని ఇయ్యగలదు. పెనముముందు పీటవేసికొని కూర్చుండి, "నాయనమ్మా, ఈ అట్టు నేను తిరగవేసెదను" అని మనుమడు పలుకు పలుకును మాత్రము ఏ చట్టమును ఇయ్యజాలదు.

మన ప్రాంతపువారే ఈ సత్యమును దేశమునకు చాటిరి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేసి, సమీపమున కొండలలో నివసించు సవరల భాషను వారి నోట విని నేర్చి, ఆ భాషకు వ్యాకరణమును నిఘంటువును కూర్చిరి. తెలుగునందును జనుల నోట నున్న భాషకు గౌరవము దక్కవలెనని జీవితాంతము పోరాడిరి. వారి జన్మదినమగు ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆనాడు సభచేసి ఉపన్యాసములిచ్చుట మంచిదే. ఆ సభలో పొగడిన పలుకును శరత్కాలమున ఇంటిలో బ్రదికించుట అంతకంటె మంచిది.

ఇక తల్లిదండ్రులు చెప్పు అభ్యంతరములు. మొదటిది, తీరిక లేదనుట. తల్లియు తండ్రియు ఉద్యోగములు చేయు ఇండ్లలో ఇది నిజము. మిఠాయి అంగడినుండి ఒక డబ్బా తెచ్చినచో పండుగ గడచిపోవును. దానిని నేను తప్పుపట్టను. అన్ని పిండివంటలును చేయుడని కాని, మిక్సీని పారవేసి రుబ్బురోలు తెండని కాని చెప్పుట లేదు. మిక్సీలో రుబ్బినను అట్టు అట్టే. ఒక్క పండుగ, ఒక్క వంట, ఒక్క సాయంకాలము - ఇదియే నా కోరిక.

రెండవ అభ్యంతరము మరింత న్యాయమైనది. ఇంటివంట గొప్పతనమును మగవారు పొగడుచుందురు, పొయ్యికడ మాత్రము ఆడువారు చెమటోడ్చుచుందురు అని ఒక తల్లి నాతో అనెను. ఆమె మాట సత్యము. ఒకరు పనిచేయగా పదిమంది కూర్చుండి తినునది సంతోషము కాదు. అందువలన పని అందరికిని పంచవలెను. కొబ్బరి కోరుటకు, బెల్లము తరుగుటకు, నువ్వులు వేయించుటకు మగపిల్లవాని చేతులు పనికిరావా? తండ్రి పెనముకడ నిలిచినచో అట్టు విరిగిపోవునా? అట్లతద్ది వ్రతము ఆడపిల్లలదే కావచ్చును; అట్లు పోయుట అందరిదియు కావచ్చును. మగపిల్లలు వంటింటి గడప దాటి లోపలికి వచ్చిననాడు మన తెలుగు మాటలను మోయువారు రెట్టింపగుదురు.

మూడవది, ఇట్లు మన ఆచారములనే పట్టుకొన్నచో ఇరుగుపొరుగువారికి దూరమగుదుమేమో అను సందేహము. దీనికి ఈ ఋతువే ప్రత్యుత్తరము చెప్పుచున్నది. ఆశ్వయుజ పున్నమినాడు ఒడియా కన్యలు కుమారపూర్ణిమ జరుపుకొందురు. ఉదయమున సూర్యునికి పేలాలు అర్పింతురు. సాయంకాలమున చంద్రునికి నైవేద్యము పెట్టి, వెన్నెలలో పుచి ఆట ఆడుదురు. ఆ పున్నమి గడచిన మూడవనాడే మన అట్లతద్ది. అదే చంద్రుడు, అదే వయసు పిల్లలు, అదే ఆటపాటల సందడి. వారి చకుళిపిఠా బియ్యము మినుములు కలిపి రుబ్బిన పిండితో పెనముపై పోయునదే. మన అట్టునకు అక్కచెల్లెలే. మన అరిసెను వారు ఆరిసా అందురు. దీపావళినాటి సంధ్యవేళ వారు జనుపకట్టెలు వెలిగించి పితృదేవతలకు దారి చూపుదురు. ఉత్తరాంధ్రమున మన పిల్లలు గోగుకట్టెలకు వత్తులు కట్టి వెలిగింతురు.

మాసములలో మాత్రము చిన్న భేదము కలదు. వారికి మాసము పున్నమితో ముగియును. మనకు అమావాస్యతో ముగియును. అందుచేత వారి కార్తికము కుమారపూర్ణిమ మరునాడే మొదలగును. మన కార్తికము దీపావళి అమావాస్య గడచిన పిదప వచ్చును. కార్తికపున్నమి ఇరువురకును ఒక్కటియే. తన ఇంటి అట్టును ఎరిగిన పిల్లకే పొరుగింటి చకుళిని చూచి "ఇది మనదివంటిదే" అనుటకు వీలుండును. తన ఇంట ఏమియు లేనివాడు పొరుగింటికి ఏమి తీసికొనిపోగలడు?

ఈ ఋతువు మన తీరమునకు సంతోషముతోపాటు భయమును కూడ తెచ్చుచుండును. 2013వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన, దసరా దినములలోనే, ఫైలిన్ తుపాను గోపాలపురముకడ తీరము దాటినది. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాసకడ తీరము దాటి ఇటు గంజాం, గజపతి మండలములను, అటు శ్రీకాకుళమును నష్టపరచినది. అట్టి దినములలో విద్యుత్తు లేదు, అంగడి తెరవరు. డబ్బాలోని అటుకులు, ఉట్టిమీది బెల్లము, పొరుగువారు పంచుకొన్న గంజి - ఇవియే ప్రాణము నిలుపును. సహాయ శిబిరములలోను మొదట పంచునవి అటుకులు బెల్లములే. ఉన్నదానితో వండుకొని నలుగురితో పంచుకొను అలవాటు పండుగనాడు నేర్చినచో ఆపదనాడు అక్కరకు వచ్చును.

విద్యార్థులారా! పూర్వము దసరా దినములలో పంతులుగారు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికి పోవుచుండిరి. పిల్లలు రంగుకాగితముల విల్లంబులు పట్టుకొని పద్యములు పాటలు చదువగా, గృహస్థులు గురువునకు తగిన కానుక, పిల్లలకు పప్పుబెల్లములు ఇచ్చుచుండిరి. చదువునకు బహుమానము పిడికెడు పప్పు, చిన్న బెల్లపుముక్క! అయినను ఆ తీపిని ముసలితనమువరకు తలచుకొనువారు ఎందరో కలరు. నేడు మేము ఇంటింటికి రాజాలము. కనుక మీరే మీ ఇంటినుండి పాఠశాలకు ఒకటి తీసికొని రండు.

అది మీ అమ్మమ్మయో నాయనమ్మయో చెప్పిన ఒక వంట. నాగులచవితి చిమ్మిలి కావచ్చును, చలిమిడి కావచ్చును, అట్లు కావచ్చును. ఎదుట కూర్చుండి, మీ చేతులతో చేసి, వారు పలికిన మాటలతోనే వ్రాయుడు. "చారెడు" అన్నచో చారెడు అనియే వ్రాయుడు; "సోలెడు" అన్నచో సోలెడు అనియే వ్రాయుడు. ఆ మాటలను దిద్ది గ్రాములుగా మార్చకుడు. మంచివానిని ఏరి వచ్చు సంచికలో అచ్చువేయుదుము.

కార్తికమున ఒక ఆదివారము ఉసిరిచెట్టుక్రింద వనభోజనము చేయుదము. ప్రతి ఇంటినుండి ఒక్క వంట చాలును. కొనితెచ్చినది వలదు, మాడినను విరిగినను ఇంట చేసినదే కావలెను. చేసినవారిలో పిల్లవాని పేరు తప్పక ఉండవలెను. ఒడియా తరగతుల స్నేహితులను కూడ పిలువుడు. వారి వంటలు వారు తెత్తురు. విస్తరిముందు కూర్చుండి ఒకరి వంటకు ఒకరు పేరు చెప్పుకొందురు. ఆనాడు తెలుగు పాఠము నేను చెప్పను, మీరే చెప్పవలెను.