ఆగమని చెప్పే గంట

గంట కొట్టగానే మొదలుపెట్టడం మనందరికీ చిన్నప్పుడే నేర్పారు. గంట కొట్టగానే ఆపడం మాత్రం ఎవరూ నేర్పలేదు. ఈ సంచికలో నాకిచ్చిన రెండు పుటలూ ఆ రెండో గంట కోసమే వాడుకుంటాను. మిత్రులు విసుక్కోకుండా చదవాలని మనవి.

మాది భావనపాడు. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో సముద్రాన్ని ఆనుకొని వున్న ఊరు. దగ్గర్లోనే నౌపడా ఉప్పుమడులు. మా జిల్లా కుర్రాళ్లకు డిగ్రీతో పాటు ఇంకో చదువు కూడా వుంది. దాని పేరు పరుగు. సైన్యంలో చేరాలన్నా, కానిస్టేబుల్ కావాలన్నా 1600 మీటర్ల పరుగు నెగ్గాలి. అందుకని తెల్లవారకముందే ఇసుకలో పరుగెత్తుతారు.

నేనూ పరుగెత్తాను. ఎలా? ఆగకుండా. ప్రతిరోజూ ప్రాణం పోయేంతగా. ఎంత ఆయాసపడితే అంత గొప్ప అనుకొనేవాణ్ణి. ఒకరోజు మా అయ్య పడవ దగ్గర వల బాగుచేసుకుంటూ నన్ను పిలిచి, “ఏటిరా ఆ పరుగు? ఆ పీతని సూడు. పరిగెడతాది, ఆగతాది, మళ్లీ పరిగెడతాది. దానికున్న గేనం నీకు లేదేటి?” అన్నాడు. డిగ్రీ చదివేవాడికి పీత చేత పాఠం చెప్పిస్తున్నాడని నవ్వుకున్నాను. మూడు వారాలకు మోకాలి క్రింద ఎముక నొప్పి మొదలైంది. ఓర్చుకోవడమే వీరత్వమని మరో పది రోజులు లాగించాను. సెలక్షన్ రోజున మా ఊరి కుర్రాళ్లు వరుసలో నిలబడి వుంటే, నేను మంచం మీద పడుకొని ఇంటి కప్పు చూస్తున్నాను.

ఆ మంచం మీదనే మా అయ్య మాట బుర్రకెక్కింది. మా ఒడ్డున పెద్దవల లాగడం చూసినవారికి తెలుస్తుంది. అందరూ కలిసి ఒక్క కేకతో లాగుతారు. తరువాత ఒక్క క్షణం తాడు మీద పట్టు వదలకుండానే ఊపిరి పీల్చుకుంటారు. మళ్లీ కేక, మళ్లీ లాగుడు. ఆ కేక కేవలం హుషారు కోసం కాదు. పదిమందికీ అదే గడియారం. పడవను అలల మీదికి తోసేటప్పుడూ అంతే. పెద్ద అలలు నాలుగూ పోయేదాకా ఆగి, కాస్త నెమ్మదించినప్పుడు తోస్తారు. ఆగడం తెలియనివాడి పడవ ఒడ్డునే బోల్తా పడుతుంది.

ఈనాడు ఈ పనికి ‘ఇంటర్వల్ టైమర్’ అనే చిన్న సాధనం వచ్చింది. ఇంతసేపు పని, ఇంతసేపు విశ్రాంతి, ఇన్నిసార్లు అని ముందే పెడితే, తానే గంట కొడుతూంటుంది. వస్తువు క్రొత్తదే గాని ఆలోచన పాతది. చెకోస్లోవేకియాకు చెందిన ఎమిల్ జాటోపెక్ 400 మీటర్లు వేగంగా పరుగెత్తి, కొంతదూరం నెమ్మదిగా కదిలి, మళ్లీ వేగంగా పరుగెత్తి సాధన చేసేవాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడింటిలోనూ బంగారు పతకాలు ఆయనవే. జపాన్‌లో టబాటా బృందం 1996లో ప్రకటించిన పరిశోధనలో 20 సెకన్లు తీవ్రమైన శ్రమ, 10 సెకన్లు విశ్రాంతి చొప్పున ఏడెనిమిది సార్లు చేయించారు. మొత్తం నాలుగు నిమిషాలే! అది ఆరితేరినవారి పద్ధతి సుమా. మనబోటి వాళ్లకు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఆరుసార్లతో మొదలుపెట్టడం క్షేమం.

చదువుకూ ఇదే న్యాయం. ఇటలీకి చెందిన ఫ్రాన్సిస్కో చిరిల్లో విద్యార్థిగా వున్నప్పుడు, 1980ల చివర, టమాటా ఆకారంలో వుండే వంటింటి టైమర్‌తో 25 నిమిషాల చదువు, 5 నిమిషాల విరామం అనే పద్ధతి పెట్టుకున్నాడు. అది లోకమంతా ప్రాకింది. అయితే మన గడియ ఎంత? 24 నిమిషాలు! రోజుకు 60 గడియలు. అడుగున సన్నటి రంధ్రమున్న గిన్నెను నీటిపై వదిలి, అది మునిగినప్పుడల్లా గంట కొట్టి గడియలు లెక్కపెట్టేవారు మన పెద్దలు. ఆ ఘటికే మన నోట గడియ అయింది. అంతమాత్రాన అన్నీ మనవాళ్లే కనిపెట్టారని నేననను. మనిషి మనస్సు ఏ దేశంలోనైనా ఇంచుమించు అంతసేపే నిలుస్తుందేమో అని మాత్రం అనిపిస్తుంది.

ఇక ఊపిరి సంగతి. వీరఘట్టంలో పుట్టిన మన కోడి రామమూర్తి నాయుడుగారు ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి తెంచేవారని విని పెరిగినవాళ్లం. ఆ బలం వెనుక ఏళ్లతరబడి సాధన వుంది. పూరకం, కుంభకం, రేచకం అన్నీ మాత్రల లెక్కతో సాగేవే. గురువు లేకుండా ఊపిరి బిగబట్టడం మనకు వద్దు. అయిదు సెకన్లు పీల్చి, అయిదు సెకన్లు వదిలితే నిమిషానికి ఆరు శ్వాసలు. అయిదు నిమిషాలకు ముప్ఫై. పరీక్ష హాలు బయట చేతులు వణుకుతున్నప్పుడు నేను చేసి చూశాను. ప్రశ్నలకు జవాబులు రావుగాని, వచ్చిన జవాబులు పారిపోకుండా వుంటాయి.

“లెక్క కుదురుతున్న సమయంలో గంట కొడితే ధ్యాస చెడదా?” అని నా గది మిత్రుడు వాదిస్తాడు. నిజమే, చెడుతుంది. అలాంటి పనికి 25 కాదు, 50 నిమిషాలు పెట్టుకో. కాని ఎంతసేపో ముందే నిర్ణయించుకో. ఎందుకంటే అలసిపోయిన బుర్రకు తాను అలసిపోయానని తెలియదు. నా కాలికి తెలిసిందా?

మరో మాట. విరామమంటే సెల్‌ఫోన్ తెరవడం కాదు. కళ్లు ఒక అక్షరం నుంచి మరో అక్షరానికి మారితే అది విశ్రాంతి ఎలా అవుతుంది? లేచి నడవాలి, మంచినీళ్లు త్రాగాలి, కిటికీలోంచి చెట్టును చూడాలి. టైమర్ కూడా ఫోనులో కాక విడిగా వుంటే మంచిదని నా అనుభవం.

చివరగా రెండు విన్నపాలు. గురువర్యులకు: పీరియడు ముగిసిన గంటను కూడా దయచేసి వినండి. ఆ పైన మీరు చెప్పే అయిదు నిమిషాలు మా చెవులదాకా వస్తాయి గాని లోపలికి పోవు. రాబోయే యూనియన్ కార్యవర్గానికి: పరీక్షల నెలలో పఠన మందిరంలో సాయంత్రం రెండు గంటలపాటు గడియకొక గంట కొట్టించండి. కొట్టగానే అందరం లేచి అయిదు నిమిషాలు ఆవరణలో తిరిగి వద్దాం. రాత్రంతా మేల్కొన్నానని గొప్పలు చెప్పుకొనే మన అలవాటు పోవాలంటే, ఆగడం సోమరితనం కాదని పదిమందీ కలిసి ఒప్పుకోవాలి.

నేను మళ్లీ పరుగు మొదలుపెట్టాను. మణికట్టు మీద చిన్న టైమర్. అది మోగగానే నడుస్తాను, మళ్లీ మోగగానే పరుగెత్తుతాను. ఈసారి నెగ్గుతానో లేదో చెప్పలేను. మొన్న సంక్రాంతి సెలవుల్లో మా అయ్య ఒడ్డునుంచి చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. తల వంచి మళ్లీ వల పనిలో పడ్డాడు. ఆయన దగ్గర అంతకుమించిన మెచ్చుకోలు నేనెప్పుడూ ఎరగను.