గేదె నీళ్ళలో ఉందా, నీళ్ళ మీద ఉందా?

మొన్నామధ్య మా ఆఫీసులో ఫ్యామిలీ డే అన్నారు. "నువ్వేవో బొమ్మలేస్తావట కదా, పట్రా" అని హెచ్చార్ వాళ్ళు వెంటపడ్డారు. సరే అని, ఏడాదిగా వేసినవాటిల్లో మూడు ఆయిల్ పెయింటింగులు తీసుకెళ్ళి క్యాంటీన్లో సమోసాల బల్ల పక్కన నిలబెట్టా. ఒకటి ఇత్తడి చెంబు, పక్కన మూడు మామిడికాయలు. రెండోది వానలో మెహిదీపట్నం బస్టాపు. మూడోది మా ఊరి చెరువులో గేదె. ఈ మూడోదానికి నాలుగు నెలల ఆదివారాలు ఖర్చయ్యాయి.

సాయంత్రం దాకా జనం వస్తూనే ఉన్నారు. విన్న మాటలు మాత్రం నాలుగే. "సూపర్". "అచ్చం ఫోటోలా ఉంది బాస్". "ఎన్ని గంటలు పట్టింది?" "ఎంతకమ్ముతావ్?" ఐదోది ఈమధ్యే కొత్తగా చేరింది, "ఇప్పుడివన్నీ ఏఐ రెండు సెకన్లలో వేసిపారేస్తోంది కదా" అని.

పొగిడితే కూడా ఏడుపేనా అంటారా? అవును, ఏడుపే. ఎందుకో చెప్తా.

ఇదే జనం నేను పది లైన్ల కోడ్ మార్చి రివ్యూకి పెడితే ఏం చేస్తారో నాకు తెలుసు. పదిహేను కామెంట్లు రాస్తారు. వేరియబుల్ పేరు బాలేదంటారు, ఈ లూప్ ఎందుకంటారు, నల్ వస్తే ఏం చేస్తావంటారు. చివర్లో ఒక ఖాళీ లైను ఎక్కువైందని కూడా చెప్తారు. అంత శ్రద్ధగా చూసే కళ్ళు నాలుగు నెలల బొమ్మ ముందు నాలుగు సెకన్లు కూడా నిలబడవు. చేతిలో సమోసా, నోట్లో సూపర్. దీన్ని మర్యాద అనుకుంటున్నాం మనం. నాకైతే ఇది పట్టించుకోకపోవడానికి పెట్టుకున్న మర్యాదైన పేరులా కనిపిస్తోంది.

"హాబీయే కదా, అంత సీరియస్ ఎందుకు?" అంటాడు మా మేనేజరు. ఈయనే ఆదివారం పొద్దున టెన్నిస్ బాల్ క్రికెట్లో ఎల్బీడబ్ల్యూ కోసం ఇరవై నిమిషాలు కొట్లాడతాడు. అది హాబీ కాదా? క్లీన్ బౌల్డ్ అయిన వాడితో "సూపర్ బాస్" అని ఎవరన్నా అంటారా?

పాటకైతే ఇలా చెయ్యం. 1996లో ఈటీవీలో "పాడుతా తీయగా" మొదలైంది. పిల్లలు పాడాక బాలు గారు మెచ్చుకునేవారు, ఆ తర్వాత ఎక్కడ శ్రుతి తప్పిందో, ఏ ఒత్తు సరిగ్గా పలకలేదో విడమరిచి చెప్పేవారు. ఇంటిల్లిపాదీ కూర్చుని, భోజనాలు కూడా వాయిదా వేసుకుని చూశాం. ఆ పిల్లలెవరూ ప్రొఫెషనల్స్ కారు. అయినా తప్పు చెప్పడం వాళ్ళని అవమానించడం అని ఎవరికీ అనిపించలేదు. పాట విషయంలో మనకి చెవులున్నాయి. బొమ్మ దగ్గరికొచ్చేసరికి కళ్ళు ఎక్కడో పెట్టి మర్చిపోయాం.

మర్చిపోవడానికి కారణాలూ ఉన్నాయి లెండి. మనకి తెలిసిన డ్రాయింగ్ అంటే రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఓ గుడిసె, కొబ్బరిచెట్టు. మనకి తెలిసిన పెయింటింగ్ అంటే క్యాలెండర్లో దేవుడు. 1894లో రవివర్మ బొంబాయిలో ప్రెస్ పెట్టి దేవుళ్ళని రంగుల్లో అచ్చు వేయించి ఇంటింటికీ చేర్చాడు. మంచిపనే. కానీ ఆయన నూనెరంగులతో స్వయంగా వేసినవి సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంటే ఎంతమందిమి వెళ్ళి వాటి ముందు నిలబడ్డాం? రాజమండ్రిలో దామెర్ల రామారావు (1897-1925) పేరున ఆర్ట్ గ్యాలరీ ఉంది. మా టీములో రాజమండ్రి వాళ్ళు ముగ్గురున్నారు. ఒక్కడూ లోపలికెళ్ళలేదు! మాదాపూర్లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది, హైటెక్ సిటీ వాళ్ళు రోజూ ఆ చుట్టుపక్కలే ట్రాఫిక్కులో హారన్ కొడుతుంటారు.

ఇక "అచ్చం ఫోటోలా ఉంది". ఫోటోగ్రఫీ సంగతి 1839లోనే లోకానికి తెలిసిపోయింది. ఫోటోలా ఉండటమే గొప్పయితే, నా దగ్గర ఆ గేదె ఫోటో ఫోన్లోనే ఉంది, ఎనిమిది ట్యూబుల రంగు దండగ చేసుకోవడం దేనికి?

సరే, మా బొమ్మలేసే వాళ్ళేమైనా తక్కువ తిన్నారా? ప్రొజెక్టరుతో ఫోటోని కాన్వాసు మీద పడేసి గీతలు లాగేస్తాం, ఆ ముక్క మాత్రం ఎవరికీ చెప్పం. చెయ్యి సరిగ్గా కుదరకపోతే చెయ్యి రాకుండా ఫోటో తీసి స్నేహితులకి పంపుతాం. ఎవరైనా ధైర్యం చేసి ముక్కు వంకరగా ఉందంటే "అది నా స్టైల్" అంటాం. బగ్గుని ఫీచర్ అని క్లయింటుకి అంటగట్టే అలవాటు ఎక్కడికి పోతుంది మరి :)

ఇంతకీ అసలు సంగతి. ఆ సాయంత్రం చివర్లో మా టెస్టింగ్ టీములో ఒకావిడ వచ్చారు. గేదె ముందు చాలాసేపు నిలబడి, "ఏమీ అనుకోకండీ, ఈ గేదె నీళ్ళలో ఉందా, నీళ్ళ మీద ఉందా?" అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. బొమ్మల గురించి ఈవిడకేం తెలుసు అనుకున్నా. రెండు రోజులు ఆవిడ లాగ్ చేసిన బగ్గులు కూడా తెరవలేదు (ఇది మేనేజరు చదవకూడదు). మూడోరోజు రాత్రి బొమ్మని గోడకి ఆనించి లైటు వేసి చూశా. ఆవిడ చెప్పింది నిజం. గేదె పొట్ట నీటిని తాకేచోట, గేదెకీ దాని ప్రతిబింబానికీ మధ్య వేలెడు మేర లేత నీలం వదిలేశా. ప్రతిబింబం ఎప్పుడైనా వస్తువు నీటిని తాకినచోటే మొదలవ్వాలి. మధ్యలో సందు వదిలితే ఆ వస్తువు గాల్లో ఉన్నట్టే. నాలుగు నెలలు కష్టపడి నేను వేసింది ఎగిరే గేదె!

విమర్శ నొప్పి పెట్టదని నేననను. 1885లో వాన్ గో "బంగాళాదుంపలు తినేవాళ్ళు" బొమ్మని రాతి మీద అచ్చుతీసి స్నేహితుడు వాన్ రాపార్డ్‌కి పంపాడు. అతనూ చిత్రకారుడే. మనుషులకి సరైన ఒళ్ళే లేదని ఘాటుగా ఉత్తరం రాశాడు. వాన్ గో ఆ ఉత్తరాన్ని తిప్పి పంపేశాడు. స్నేహం అంతటితో సరి. కాబట్టి చెప్పే తీరు కూడా ముఖ్యమే. కానీ వాన్ రాపార్డ్ ఒకటి చేశాడు, బొమ్మలో ఒక్కో మనిషినీ విడివిడిగా, నిజంగా చూశాడు. "సూపర్" అనేవాడు అది కూడా చెయ్యడు.

పైగా ఇవి నూనెరంగులు. నీటిరంగుల్లా నీరు ఆవిరై ఆరిపోవు. అవిసె నూనె గాల్లోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. పల్చటి పొరకే రోజులు పడుతుంది, మందంగా వేస్తే నెలలు. వార్నిష్‌కి ఆర్నెల్లు ఆగమని పాతకాలం నుంచీ చెప్తారు. అంటే ఈలోగా నైఫుతో గీకెయ్యొచ్చు, తుడిచెయ్యొచ్చు, ఆరినచోట పైన మళ్ళీ వెయ్యొచ్చు. ఇంత తీరిగ్గా రివ్యూ కామెంట్లు తీసుకునే మాధ్యమం ఇంకోటి నాకు తెలీదు. దాని ముందు నిలబడి మీరు ఎన్ని గంటలు పట్టిందని అడుగుతారా!

పొట్ట కింద నీలం గీకేసి ముదురు గోధుమ రంగు వేశా. గేదె ఇప్పుడు నీళ్ళలోకి దిగింది. ఆవిడకి చూపించా. "ఇప్పుడు బానే ఉందండీ.. కానీ ఎడమ కొమ్ము?" అన్నారు.

కొమ్ము పని ఈ ఆదివారం.