ఖడ్గతిక్కనకి యూనిఫాం ఎవరు తొడిగారు?

ఖడ్గతిక్కన గురించి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయాల్సొస్తే మనవాళ్లు ఆలోచించకుండా వాడేసే మాట 'జనరల్'. నా అభ్యంతరం భాషాభిమానం వల్ల కాదు. రైలుకి జనరల్ బోగీ, వీధికో జనరల్ స్టోర్సూ ఉన్న భాషకి ఇంగ్లీషు మాటతో మైలేం అంటదు.

అసలు ఆ మాట పుట్టుకతో విశేషణం. 'కెప్టెన్ జనరల్' అంటే సైన్యం మొత్తానికీ కెప్టెన్. పోనుపోనూ కెప్టెన్ రాలిపోయి జనరల్ మిగిలింది. మేజర్ జనరల్ కూడా ఒకప్పటి సార్జెంట్ మేజర్ జనరలే. అందుకే ఆయన లెఫ్టినెంట్ జనరల్ కంటే కింద. అంటే ఈ మాట వినగానే వెనక ఒక రాజ్యం, జీతం, హోదాల నిచ్చెన కనిపిస్తాయి.

ఇప్పుడు 13వ శతాబ్దపు నెల్లూరుకి రండి. కథ ప్రకారం, కరువొచ్చి కాటమరాజు తన ఆవుల మందల్ని మనుమసిద్ధి బీళ్లకి తోలుకొచ్చాడు. పుల్లరి దగ్గర పేచీ వచ్చి యుద్ధమైంది. ఖడ్గతిక్కన ఓడి ఇంటికొచ్చి, ఎత్తిపొడుపులు పడి, మళ్లీ వెళ్లి ప్రాణమిచ్చాడు. మైపాడులో పెరిగిన నాకు చిన్నప్పుడు అందింది ఈ సగమే: మంచం అడ్డు, పసుపు ముద్ద, విరిగిన పాలు.

రెండో సగం యాదవులు తరతరాలుగా చెప్పించుకున్న కాటమరాజు కథల్లో ఉంది. తంగిరాల వెంకట సుబ్బారావు వాటిని పరిష్కరించి అచ్చువేశారు కూడా. అక్కడ కాటమరాజు వీరుడు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి 'పశువుల కాపరుల పెద్ద'. ఒకే యుద్ధం, ఒకడికి యూనిఫాం, ఇంకొకడికి చేతికర్ర. ఆ యూనిఫాం తొడగ్గానే అది రాజ్యానికీ అల్లరిమూకకీ మధ్య గొడవైపోతుంది. పుల్లరి న్యాయమా, మాట తప్పింది ఎవరు అన్న అసలు ప్రశ్న చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది.

దండనాథుడు, సేనాని అన్నా అంతే కదా అంటారా? కొంతవరకు నిజమే. కానీ ఆ మాటలు మనవే కాబట్టి, ఎవరిచ్చారు ఆ బిరుదు అని నిలదీయగలం. జనరల్‌ని మాత్రం ఎవరూ ప్రశ్నించరు, అది తటస్థంగా కనిపిస్తుంది కనుక.

కాటమరాజుకీ ఆ హోదా ఇవ్వమని నేనడగట్లేదు. ఒకడు మంత్రుల ఇంట్లో పుట్టి రాజు కోసం కత్తి పట్టాడు, ఇంకొకడు మంద కోసం పట్టాడు. అలాగే రాయండి. ఇంగ్లీషు పాఠకుడి కోసం ఒక వాక్యం ఎక్కువ ఖర్చవుతుందా? అవనీయండి. ఒకడు చేతికర్రతో, ఇంకొకడు యూనిఫాంతో మిగిలే చరిత్ర కంటే అది చవకే.